రంగుల గల్లీలో ఒక్క ఓటు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ బతికున్నన్నాళ్ళూ అంటూనే ఉండేది. సూరత్ పోయి వచ్చినవాళ్ళు అక్కడి చీరల గురించి, తిండి గురించి చెబుతారు. తిండి గురించి నేనూ చెబుతాను. కానీ ఈ ప్రయాణం రాయడానికి కూర్చున్నది తిండి కోసం కాదు, ఆ నువ్వుగింజ కోసం. ఆ సంగతి ముందే చెప్పి మొదలుపెడుతున్నాను.

మాది సిరిసిల్ల. మా చెల్లెలు పుష్ప పెళ్ళై సూరత్ పోయి ముప్పై ఏళ్ళు కావస్తోంది. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటాం. మరిది రాజేశం అక్కడ ఏళ్ళ తరబడి కూలికి సాంచాలు నడిపి, చివరికి ఎనిమిదింటిని సొంతం చేసుకున్నాడు. కరోనా వచ్చిన మరుసటి ఏడు, చలి పోతున్న రోజుల్లో, అక్కడ మున్సిపల్ ఎన్నికలు వచ్చాయి. వార్డులో తెలుగువాళ్ళ ఓట్లు ఉన్నాయని ఒక పెద్ద పార్టీ మా మరిదికి టికెట్ ఇచ్చింది. పుష్పకేమో కరోనా తగ్గినా నీరసం తగ్గలేదు.

"ఇంటి నిండ మందే అక్కా. వండిపెట్టుడు నాతోని అయితలేదు. జర రా" అని ఫోన్లో ఏడ్చినంత పని చేసింది. నేను రెండు మాస్కులు, ఒక డబ్బా సకినాలు సర్దుకుని బయలుదేరాను.

రైల్లో

సికింద్రాబాద్‌లో నుదుటికి తుపాకీలాంటిది పెట్టి జ్వరం చూసి లోపలికి పంపారు. పెట్టెలో ఎవరు దగ్గినా అందరి తలలూ అటే తిరిగేవి. నాకు గొంతులో గరగర పుడితే నీళ్ళు తాగి, తల కిటికీ వైపు తిప్పుకుని, దొంగతనంగా దగ్గాను.

నా ఎదుటి సీట్లలో సూరత్‌లోని కతర్‌గామ్ నుంచి వచ్చిన దంపతులు ఉన్నారు. ఆయన వజ్రాలు సానపెట్టే పనివాడు. హైదరాబాదులో చుట్టాల పెళ్ళికి వచ్చి తిరిగి పోతున్నారు. ఆమె మెంతికూర రొట్టెలు, బెల్లం వేసిన మామిడికాయ పచ్చడి ఇచ్చింది. తినాలా వద్దా అని కాసేపు భయపడ్డాను. ఆకలి గెలిచింది. పచ్చడిలో బెల్లమేమిటని అడిగితే, మీ సకినాల్లో కారమేమిటని ఆమె నవ్వింది.

ఎన్నికల మాట నేనే ఎత్తాను. మరిది ఏ పార్టీయో చెప్పాను. అంతే, ఆయన మాస్కు కిందికి లాగి ఆ పార్టీ నాయకుడి గొప్పలు మొదలుపెట్టాడు. ఆమె రొట్టెల డబ్బా మూత ఠపీమని పెట్టింది.

"ఆయన పేరు నా ముందు ఎత్తవద్దని చెప్పానా" అంది హిందీలో.

సోలాపూర్ నుంచి పుణె దాకా ఇద్దరికీ మాటల్లేవు. మొగుడు పెళ్ళాన్ని అడగాల్సినవి నన్ను అడిగాడు, పెళ్ళాం మొగుడికి చెప్పాల్సినవి నాకు చెప్పింది.

ఆ నాయకుడి పేరు నేనూ రాయను. సూరత్‌లో ఉన్న పదకొండు రోజులూ "ఆయన" అంటే చాలు, ఎవరో అందరికీ తెలిసేది. సగం ముఖాలు వెలిగేవి, సగం ముఖాలు మాడిపోయేవి. మధ్యరకం ముఖం నాకు ఒక్కటీ కనబడలేదు. ఆయన ఆ వార్డులో పోటీలో కూడా లేడు. నా మరిది ఓడినా గెలిచినా ఆయన వల్లనే అని మాత్రం రైలు దిగకముందే నాకు అర్థమైంది. బుగులు, అదే భయం, అప్పుడే మొదలైంది.

వడోద్

పాండేసర పక్కన వడోద్‌లో పుష్ప ఇల్లు. కింద సాంచాలు, పైన కాపురం. మొదటి రోజు ఆ చప్పుడుకు నేల అదిరి మంచినీళ్ళ గ్లాసు దానంతటది జరిగిపోయింది. మా ఊరి సాంచాల మీద నూలు గుడ్డ ఎక్కువ, ఇక్కడ చీరలకు పోయే పాలిస్టర్. రంగు వేయని ఆ తెల్లగుడ్డను తీసుకుపోయి వెనక గల్లీలో ఉన్న మిల్లులో రంగు అద్దుతారు. అందుకే దాన్ని రంగుల గల్లీ అంటారు. మిల్లులో పనిచేసే ముస్లింలు ఎక్కువ మంది ఉండేది అక్కడే.

యూసుఫ్ ఉండేదీ అక్కడే. మా జగిత్యాల వైపువాడు. ముప్పై ఏళ్ళ క్రితం రాజేశం, అతను ఒకే రైల్లో సూరత్‌లో దిగారు. యూసుఫ్ పని అచ్చు అతకడం. సాంచా మీద భీముకు, అంటే పెద్ద ఇనుప కండెకు, చుట్టిన పోగు అయిపోతే కొత్త భీము ఎక్కిస్తారు. పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే వేళ్ళతో మెలిపెట్టి అతకాలి. అవి వేలల్లో ఉంటాయి. అతికేవాడు రాకపోతే సేటయినా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే.

మా వాళ్ళ దగ్గర ఇంకో పద్ధతుంది. అచ్చు అతికినవాడి నోట్లో బెల్లం ముక్క పడ్డాకే సాంచా నడిపిస్తారు. ఆ భీము మీద మొదట కోసిన గుడ్డ అతికినవాడికే. ఇంటివాళ్ళు దాన్ని కట్టుకోరు, అమ్ముకోరు. రాజేశం సూరత్ పోయినా ఆ పద్ధతి వదలలేదు.

నేను దిగిన సాయంత్రం యూసుఫ్ మెట్లెక్కి వచ్చి, నా సకినం కొరికి, "పన్ను ఊడుతది అక్కా. ఇవి మనుషులు తినెటియేనా" అన్నాడు. నాలుగు తిన్నాడు.

అతను పోయాక పుష్ప చెప్పింది. మొదటి లాక్‌డౌన్ సడలిన కొత్తలో యూసుఫ్‌కు ఊపిరి ఆడలేదు. ఆటోవాడు ఎక్కించుకోనన్నాడు, సొంత గల్లీవాళ్ళు తలుపులు వేసుకున్నారు. రాజేశం గుడ్డ మోసే టెంపోలో అతణ్ణి పడుకోబెట్టి మూడు ఆసుపత్రులు తిప్పి, మూడోదాని బయట రెండు రోజులు కూర్చున్నాడు. ఆ నెలలో తన బియ్యం రంగుల గల్లీకి కూడా పంచాడు.

"గా గల్లీ మొత్తం ఈయనకే ఏస్తరక్కా" అంది పుష్ప. "ఆయన రాకుంటే చాలు."

నామినేషన్ వేసిన రోజు రాజేశం ఆ గల్లీలోనే అన్నం తిన్నాడట. ఆ నాయకుణ్ణి మన రెండు గల్లీలు కలిసే మలుపు దాకా రానివ్వనని అందరి ముందూ మాటిచ్చి వచ్చాడట.

తాపీ అవతల

మూడోరోజు అడాజన్ వైపు పోతుంటే నన్నూ కారెక్కించారు. మా వార్డు అది కాదు, కానీ పార్టీ మీటింగు అక్కడ. తాపీ నది దాటగానే రోడ్లు వెడల్పయ్యాయి, చప్పుడు తగ్గింది. రోడ్డు పక్క బండి మీద లేత జొన్న గింజలు అమ్ముతున్నారు. పొంక్ అంటారు. మా చేన్లలో కాల్చుకు తినే ఊచబియ్యమే! మేము ఉత్తగా తినేదాన్ని అక్కడ కారప్పూస, నిమ్మరసం కలిపి పొట్లానికి యాభై రూపాయలు తీసుకున్నారు. తిట్టుకుంటూనే రెండు పొట్లాలు తిన్నాను. లోచో అని ఆవిరి మీద ఉడికించిన శనగపిండి ముద్ద ఒకటి పెట్టారు. నూనె తేలుతున్నా నోట్లో కరిగిపోయింది.

ఆ ఫ్లాట్ల మీటింగులో ఆడవాళ్ళంతా ఒకటే అడిగారు. "ఆయన వస్తున్నాడా, లేదా?" మా మరిది పేరు ఎవరూ అడగలేదు.

మా వార్డు పార్టీ బాధ్యుడొకడు రాజేశాన్ని పక్కకు పిలిచాడు. నేను పక్కనే ఉన్నానని చూసుకోలేదు. ఆయన వస్తే పది ఓట్లు పోతాయి, వంద ఓట్లు వస్తాయి, ఆ పదీ ఏ గల్లీవో నీకూ తెలుసు నాకూ తెలుసు, ఎల్లుండి మీ మలుపులోనే సభ అన్నాడు.

"మా మలుపుల వద్దు" అన్నాడు రాజేశం.

"అయితే టికెట్ ఎందుకు తీసుకున్నావు?"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. తిరిగి వచ్చేటప్పుడు రాజేశం వంతెన మీద కారు ఆపించి, దిగి, కాసేపు తాపీ నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను పొంక్ పొట్లం ఇస్తే వద్దన్నాడు.

సభ

ఆయన వచ్చాడు. మాస్కులు గడ్డాల కిందికి దిగాయి. దూరం పాటించమని బోర్డు పట్టుకున్న పోలీసుకే చెయ్యి ఆడనంత జనం. నేను మా మేడ మీంచి చూశాను. గొంతు బాగుంది, అది ఒప్పుకోవాలి. రోడ్లు, నీళ్ళు అని మొదలుపెట్టిన మనిషి పది నిమిషాల్లో మనవాళ్ళు, వాళ్ళు అనే దగ్గరికి వచ్చాడు. "వాళ్ళు" అన్నప్పుడల్లా చెయ్యి రంగుల గల్లీ వైపు పోయేది. జనం ఊగిపోయారు. చివర ఆయన మా మరిది చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. రాజేశం నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చింది.

రంగుల గల్లీలో అన్ని కిటికీలూ మూసి ఉన్నాయి. ఆ మర్నాటి నుంచి ప్రచారానికి పోతే ఆ గల్లీలో ఎవరూ తలుపు తీయలేదు. ఇటు మా గల్లీలో, అంతకుముందు అటో ఇటో అన్నవాళ్ళంతా కండువాలు వేసుకుని ఇంటికి వచ్చారు. రోజుకు రెండు కుండల అన్నం చాలక మూడు వండాను.

అచ్చు

పోలింగుకు ముందురోజు మధ్యాహ్నం ఒక సాంచా మీద భీము అయిపోయింది. యూసుఫ్ రాడేమో అనుకున్నాం. వచ్చాడు. ఎవరితో మాట్లాడకుండా సాంచా వెనక కూర్చుని పోగులు అతకడం మొదలుపెట్టాడు. రాజేశం బూతుల ఏర్పాట్లలో ఉన్నాడు, పుష్ప పడుకుంది. నేను చాయ్, బెల్లం తీసుకుపోయాను. మిగతా సాంచాల హోరులో పక్కనే కూర్చుంటే తప్ప మాట వినబడదు.

"కోపమా తమ్మీ?" అన్నాను.

"కోపం కాదక్కా, బుగులు. మా గల్లీల అందరు కూసొని అనుకున్నరు. ఆ పార్టీకి ఒక్క ఓటు సుత పడద్దని."

ఇంకో గుప్పెడు పోగులు అతికాడు. తర్వాత తల ఎత్తకుండానే అన్నాడు.

"వార్డుకు నలుగురుంటరు కద, ఒక్కొక్కలకు నాలుగు ఓట్లు. ఆ ముగ్గురికి నేను ఎయ్య. అన్నకు మాత్రం ఒక్కటి ఏస్త. నాకు ఊపిరున్నదే అన్నతోని. ఎవ్వలకు చెప్పకు. అన్నకు సుత చెప్పకు. తెలిస్తే నేను గా గల్లీల బతకలేను."

"నా మీద ఒట్టు" అన్నాను. అతను బెల్లం నోట్లో వేసుకున్నాడు. సాంచా నడిచింది.

లెక్కింపు

మా మరిది గెలిచాడు. నలుగురూ గెలిచారు. నగరమంతా ఆ పార్టీ ఊడ్చేసింది. టీవీల్లో అందరూ ఆయన పేరే చెప్పారు. ఇంటి ముందు టపాసులు, లోపల గులాల్. పుష్ప ముఖంలో నెలల తర్వాత రక్తం కనబడింది. నేను సేమ్యా పాయసం పెట్టాను.

రాజేశం మాత్రం బూతుల వారీగా ఓట్లు రాసిన కాగితాలు పట్టుకుని వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చున్నాడు. రంగుల గల్లీ బూతు కాగితం పైన ఉంది. పార్టీ ముగ్గురికీ సున్నా, సున్నా, సున్నా. రాజేశానికి ఒకటి.

"గా ఒక్కటి గూడ ఎవలో మీట తప్పి ఒత్తిండ్రట. మావోళ్ళు నవ్వుతుండ్రు" అన్నాడు. "నేను వాళ్ళకు ఏం తక్కువ జేసిన వదినె? బియ్యం తిన్నప్పుడు నేను మంచోన్ని."

"ఆయన పక్కన నిలబడ్డవు కద" అన్నాను.

"నిలబడకుంటె గెలుస్తుంటినా?"

ఆయన వచ్చాడు గనకే గెలిచాడు. ఆయన వచ్చాడు గనకే ఆ కాగితం మీద ఒకటి. రెండూ నిజమే. రాజేశం కాగితం మడిచి, "ఇగ గా గల్లీకి నాకు ఏం లేదు. నల్లా నీళ్ళు గూడ అడగద్దు నన్ను" అన్నాడు. ఆ మాట అతని నోట్లోంచి రావడం భరించలేకపోయాను. గల్లీ మంచికేనని, మరిది మంచికేనని అనుకున్నాను. ఇప్పుడు ఎన్ని అనుకుంటే ఏం లాభం, చెప్పేశాను.

"మీట తప్పి ఒత్తింది కాదు. అది యూసుఫ్‌ది."

రాజేశం ముఖం కప్పుకుని ఏడ్చాడు. నేను పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని అటు తిరిగాను. తిరిగి చూసేసరికి పీట ఖాళీగా ఉంది.

రంగుల గల్లీ

కిందికి దిగి చూస్తే కొత్త భీము మీద మొదటి కోత గుడ్డ లేదు. పద్ధతి ప్రకారం అది యూసుఫ్‌కు ఇవ్వాల్సిందే. కానీ ఈరోజా! రోడ్డు మీద ఊరేగింపు, బ్యాండు, మెడ నిండా దండలతో రాజేశం, చేతిలో తెల్లగుడ్డ. రంగుల గల్లీ వైపే పోతున్నారు. వెనక వస్తున్నవాళ్ళకు ఎందుకో తెలియదు, అయినా ఆ గల్లీలోకి పోవడమంటే వాళ్ళకు హుషారు ఎక్కువైంది.

పరుగెత్తాను. సగం దూరంలో చెప్పు తెగింది. ఒంటి చెప్పుతో కుంటుకుంటూ, గులాల్ కళ్ళల్లో పడి, "మరిదీ ఆగు, మరిదీ ఆగు" అని అరుస్తుంటే బ్యాండువాళ్ళు నేను ఆడుతున్నాననుకుని ఇంకా గట్టిగా వాయించారు.

నేను పోయేసరికి రాజేశం యూసుఫ్ తలుపు ముందు నిలబడి ఉన్నాడు. గల్లీలో కిటికీలన్నీ ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. యూసుఫ్ బయటికి వచ్చాడు. రాజేశం గుడ్డ విప్పి అతని భుజాల మీద కప్పబోయాడు.

యూసుఫ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. గల్లీ మొత్తానికి వినబడేట్టు హిందీలో అన్నాడు. "రాజేశం భాయ్, ఈ ఇంట్లోంచి మీకు ఒక్క ఓటు కూడా పడలేదు. ఈ గుడ్డ ఎవరిదో వాళ్ళకే ఇచ్చుకోండి."

ముప్పై ఏళ్ళుగా అన్నా అని పిలిచినవాడు రాజేశం భాయ్ అన్నాడు. తలుపు వేసేముందు ఒక్కసారి నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది.

ఊరేగింపులో ఎవరో బూతు మాట అన్నారు. ఒకడు రాయి కోసం వంగాడు. రాజేశం అతని చెయ్యి పట్టుకుని ఆపి, అందర్నీ వెనక్కి తిప్పాడు. దానికి అతన్ని మెచ్చుకోవాలి.

ఇంటికి వచ్చాక నన్ను అడిగాడు. "అబద్ధం జెప్పినవా వదినె?"

జీవితంలో మొదటిసారి నా నోరు నా మాట విన్నది.

"అవును. నువ్వు బాధపడుతుంటే చూడలేక అన్న."

రాజేశం తల ఊపాడు. ఆ గెలుపులో అతనిదంటూ ఉన్నది ఆ ఒక్కటే, దాన్ని నా చేతులతో నేనే తీసేశాను. మర్నాడు ఇంకో సాంచా మీద భీము అయిపోయింది. యూసుఫ్ రాలేదు, మేమూ పిలవలేదు.

తిరుగు రైలు

స్టేషన్‌లో పుష్ప ఘారీ మిఠాయి డబ్బా చేతిలో పెట్టింది. సంచీలో ఇంకేదో కుక్కింది. రైలు కదిలాక చూస్తే ఆ తెల్లగుడ్డ. కట్టుకోకూడదు, అమ్ముకోకూడదు కదా, నాకు అంటగట్టింది. వచ్చేటప్పుడు ఎదుటి సీట్లు ఖాళీ. మాట్లాడటానికి మనిషి లేకపోవడం ఆ ఒక్కసారే నాకు హాయిగా అనిపించింది. ఇంటికి చేరి పద్నాలుగు రోజులు ఒక గదిలో ఉండిపోయాను. జ్వరం రాలేదు. నిద్ర కూడా రాలేదు. యూసుఫ్ తలుపు మీద ఎవరైనా రాళ్ళు వేస్తున్నారేమో, ఎవరైనా అతన్ని నిలబెట్టి అడుగుతున్నారేమో అని ప్రతి ఫోనుకూ ఉలిక్కిపడ్డాను. ఏం కాలేదని పుష్ప చెప్పేది. అడగడానికి భయపడుతూనే రోజూ అడిగాను.

తర్వాత రెండో కరోనా వచ్చింది, సాంచాలు మళ్ళీ ఆగాయి. గెలిచిన రాజేశం ఆసుపత్రుల చుట్టూ అన్ని గల్లీలవాళ్ళ కోసమూ తిరిగాడట, రంగుల గల్లీ కోసం కూడా. యూసుఫ్ సూరత్ వదిలి సొంత ఊరు వచ్చేశాడు.

వానలు పడ్డాక ఒకరోజు మా గడప ముందు నిలబడ్డాడు. జుట్టు తెల్లబడింది. నాకు మాట రాలేదు, ఇది మా ఊళ్ళో ఎవరికి చెప్పినా నమ్మరు. పెట్టెలోంచి గుడ్డ తెచ్చి ఇచ్చాను. బొటనవేలితో అంచు తడిమి చూశాడు.

"నేను అతికిన భీముదే" అన్నాడు.

"తప్పు చేసిన తమ్మీ."

"చేసినవు." గుడ్డ మడిచి చంకలో పెట్టుకున్నాడు. "అన్న ఏమనుకుంటుండు?"

మీట తప్పి పడ్డ ఓటనే అనుకుంటున్నాడని చెప్పాను. యూసుఫ్ వాన వైపు తిరిగాడు.

"ఇప్పుడు నేను ఆ గల్లీల లేను కద. నా పేరు మార్చి చెప్పుకో. నీ నోరు మాత్రం ఎన్నొద్దులు ఆగుతది" అన్నాడు. నేను ఇచ్చిన బెల్లం నోట్లో వేసుకుని వానలోనే పోయాడు.

అతని పేరు యూసుఫ్ కాదు, ఊరు జగిత్యాలా కాదు. మిగతాదంతా జరిగిందే. మరిదీ, పుష్ప నీకు ఇది చదివి వినిపిస్తుంది. ఆ రోజు వంటింట్లో నీకు మొదట చెప్పిందే నిజం. రెండోసారి చెప్పింది అబద్ధం.